కింది వాటావాళ్ళ ఉపకారం

ఎండలు ముదిరి, కరెంటు బిల్లు చూసి పై వాటాలో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్న వారంలోనే, కింది వాటాలో ఉండే పరదాలతను ఆకుపచ్చ గుడ్డ చుట్ట ఒకటి భుజాన వేసుకుని మెట్లెక్కి పైకి వచ్చాడు.

“అక్కా, దుకాణంలో మిగిలిపోయిన గుడ్డ. మీ పడమటి కిటికీకి బయటివైపు కడితే ఎండ గదిలోకి రాదు. కట్టమంటారా?” అన్నాడు. అది కూడా గొంతు బాగా తగ్గించి, ఎవరో వింటారన్నట్టు.

విగ్గులమ్మ గుమ్మానికి అడ్డంగానే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

“ఎంతవుతుంది?”

“అయ్యో, డబ్బులేం వద్దక్కా. ఇరుగూ పొరుగూ అన్నాక ఆ మాత్రం చేసుకోమా?”

సరిగ్గా అక్కడే ఆమెకి అనుమానం పుట్టింది.

వీధి వీధంతా ఆమెని విగ్గులమ్మ అనే పిలిచేది. ఇంటి పడమటి గదిలో కూర్చుని, చెక్క తలకి సన్నని వల బిగించి, కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకా లాగి ముడివేస్తూ విగ్గులు అల్లడం ఆమె పని. జబ్బు చేసి జుట్టు రాలినవాళ్ళు, నాటకాలవాళ్ళు, బట్టతల బయటపడకముందే పెళ్ళయిపోవాలనుకునే పెళ్ళికొడుకులు, అందరూ ఆమె దగ్గరికే వచ్చేవారు. జుట్టు అమ్మే వర్తకులు అసలు జుట్టులో నైలాను పోగులు కలిపి అంటగట్టడం మామూలే. అందుకని ఏ కట్ట వచ్చినా ముందు ఒక వెంట్రుక లాగి, అగ్గిపుల్లతో అంటించి వాసన చూసేది. కమురు వాసన వస్తే అసలుది, కరిగి పూసలా గట్టిపడితే నకిలీది. ఆ పని చేసీ చేసీ ఆమెకి మనుషుల్ని కూడా అలాగే వాసన చూడటం అలవాటైపోయింది.

ఆ గదిలో ఫ్యాను వేయడానికి వీల్లేదు. వేస్తే వెంట్రుకలు లేచి అన్నంలో, మంచినీళ్ళలో, అత్తగారి కళ్ళజోడు మీద ఎక్కడ పడితే అక్కడ తేలేవి. వేయకపోతే చెమట పట్టిన వేళ్ళకి అంటుకుపోయి సూదికి చిక్కేవి కావు. కాబట్టి ఎండాకాలమంతా పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏసీ మోగాల్సిందే. నెత్తిన కాలిపోయే డాబా, పక్కన పడమటి గోడ. ఏసీ ఎంత గింజుకున్నా గది ఒక పట్టాన చల్లబడేది కాదు, బిల్లు మాత్రం చకచకా ఎక్కేది.

ఆ సంగతి ఇతనికెలా తెలిసింది? రెండు వాటాల బిల్లులూ కింద ఒకే పెట్టెలో పడతాయి. తీసి చూసి ఉంటాడా?

ఆమె ఆలోచన తెమిలేలోపే వెనకనుంచి అత్తగారు వచ్చింది. “రా నాయనా, గుమ్మంలో నిలబెట్టేసిందా? కట్టు, కట్టు. ఆ ఎండ పడి నా మంచం కూడా కాలిపోతోంది,” అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

పరదాలతను దుకాణాల ముందు వేసే ఎండ పరదాలు కుట్టే చోట పనిచేసేవాడు. గుడ్డని కిటికీ మీది చువ్వలకి కట్టి, కింది అంచు గోడకి జానెడు ఎడంగా లాగి బిగించాడు. గుడ్డకీ అద్దానికీ మధ్య గాలి ఆడాలట. పని అంతా పిల్లి నడకే. స్టూలు జరపాల్సి వస్తే లాగడానికి బదులు రెండు చేతులా ఎత్తి పెట్టాడు. వెళ్ళబోతూ, “అక్కా, ఇప్పుడు ఏసీ కాస్త ఆలస్యంగా వేసుకోవచ్చనుకుంటా. మామూలుగా ఎన్నింటికి వేస్తారు? మళ్ళీ ఎప్పుడు ఆపుతారు?” అని అడిగాడు.

“నీకెందుకు?”

“ఊరికే అక్కా,” అని గబగబా మెట్లు దిగిపోయాడు.

మధ్యాహ్నానికి గదిలో మండే వెలుగు పోయి, చెట్టు నీడలాంటి పచ్చటి మసక వచ్చింది. ఏసీ వేశాక గది తొందరగానే చల్లబడింది కూడా. అయినా విగ్గులమ్మకి సూది మీద మనసు నిలవలేదు. ఎప్పుడు వేస్తారు, ఎప్పుడు ఆపుతారు. ఇంట్లో ఎవరున్నారు, ఎప్పుడు ఉండరు అని దొంగలు అడిగే తీరు కూడా ఇదే కదా.

ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. అతను లిఫ్టుల మెకానిక్కు. వీధిలో ఎవరి గురించి మాటొచ్చినా చెవులు రిక్కించే మనిషి, ఆ రోజు మాత్రం కంచంలోంచి తలెత్తలేదు.

“పలకరింపుకి అడిగుంటాడులే. పచ్చడి ఇటు జరుపు.”

“పలకరింపుకి ఆరోగ్యం అడుగుతారు, ఏసీ సంగతి అడుగుతారా? మన లైన్లోంచి కరెంటు లాగుతున్నాడేమో!”

“లాగితే మీటరు చెబుతుందిగా,” అన్నాడతను, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ.

ఆ మాట పట్టుకుని మర్నాడు ఆమె ఇంట్లో ఏసీ ఆపింది, లైట్లాపింది, అత్తగారి రేడియో కూడా పీకేసి, మెట్ల కింద మీటరు ముందు కాపు కాసింది. ఎర్ర దీపం టిక్కు టిక్కుమని మెరుస్తూనే ఉంది. “దొరికాడు!” అనుకుని, భర్తకి ఫోను చేసి, ఉన్నపళంగా రమ్మంది. ఏదో లిఫ్టు మధ్యలో వదిలేసి అతను రొప్పుతూ వచ్చాడు. పైకి వెళ్ళి, వంటింట్లో ఫ్రిజ్జు ప్లగ్గు పీకాడు. దీపం ఆగిపోయింది. అతనేమీ అనలేదు, ప్లగ్గు మళ్ళీ పెట్టి వెళ్ళిపోయాడు. అత్తగారు మాత్రం ఆ పూటంతా నవ్వుతూనే ఉంది.

ఫ్రిజ్జు సంగతి తేలింది గానీ అనుమానం తీరలేదు. ఇంకా పెరిగింది. ఎందుకంటే ఇప్పుడు ఆమె కింది వాటాని పట్టి చూడసాగింది. చూసినకొద్దీ విడ్డూరాలే. చలికాలంలో వచ్చి చేరారు వాళ్ళు. ఆ ఇంట్లో అతనికి భార్య ఉందని అత్తగారు చెప్పడమే తప్ప, విగ్గులమ్మ ఆ పిల్లని వెలుతురులో చూసిందే లేదు. వాళ్ళ పడమటి కిటికీ పొద్దస్తమానం మూసే ఉండేది, లోపల నల్లగుడ్డ కట్టి ఉండేది. ఆ కిటికీ మీది రేకు చూరు పైన, సరిగ్గా ఆమె ఏసీ బయటి పెట్టె కింద, ఎవరో మడత పెట్టిన గోనెసంచి పరిచారు. దాని కింద ఏం దాచారు? గొంతు పెంచి మాట్లాడని మనిషి, వెలుతురు చొరని కిటికీ, రేకు మీద గోనెసంచి. ఏది ఎలా కలిపి చూసినా మంచి కనపడలేదు.

ఇంతలో పరదాలతను మళ్ళీ వచ్చాడు. ఈసారి రెండు ముతక దుప్పట్లు తెచ్చాడు. తడిపి కిటికీకి వేలాడదీస్తే వడగాలి కూడా చల్లగా తగులుతుందని ఎవరో చెప్పారట. విగ్గులమ్మ వద్దనేలోపే అత్తగారు బకెట్టుతో నీళ్ళు తెచ్చిపెట్టింది.

గది చల్లబడిన మాట నిజమే. కాసేపటికి చెమ్మ కూడా చేరింది. తిన్నగా సాపు చేసి చెక్క తలకి తొడిగి ఉంచిన విగ్గు, మర్నాడు పొద్దున్నే ఒకావిడ వచ్చి పట్టుకెళ్ళాల్సినది, ఆ చెమ్మకి మెల్లగా ఉంగరాలు తిరిగి, సాయంత్రానికి తడిసిన కోడిపెట్టలా తయారైంది.

విగ్గులమ్మ మేడమీంచే అతన్ని పిలిచింది. అతను మెట్ల మీదికి వచ్చీరాకముందే అందుకుంది.

“నా పని చెడగొట్టమని నీకెవరిచ్చారయ్యా డబ్బులు? ఆ బజారు విగ్గుల కొట్టువాడా? నిజం చెప్పు!”

అతను రెండు చేతులూ జోడించాడు. “తప్పైపోయిందక్కా. దీనికి ఎంతవుతుందో నేనిచ్చుకుంటాను. గట్టిగా అరవకండక్కా, మీకు దణ్ణం పెడతాను.”

“నా ఇంట్లో నేను అరవకూడదా? అరుస్తాను! వీధంతా వినాలి!” అని నిజంగానే వీధంతా వినేట్టు అరిచింది. అతను కిందికి, తన వాటా తలుపు వైపు ఒకసారి, పైకి ఆమె వైపు ఒకసారి చూసి, ఏడుపు మొహంతో దిగిపోయాడు. వేడి చువ్వ పట్టుకుని ఆ విగ్గుని మళ్ళీ సాపు చేసేసరికి ఆమె నడుం పడిపోయింది. కానీ మనసులో ఎక్కడో తృప్తిగానే ఉంది. నేను చెప్పలేదూ, అనుకుంది.

ఇంక మళ్ళీ రాడనుకుంది. ఆదివారం పొద్దున కాఫీ తాగుతుంటే నెత్తిమీద చీపురు చప్పుడు వినపడింది. డాబా మీదికి వెళ్ళి చూస్తే, పరదాలతను చెప్పుల్లేకుండా, పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ డాబాకి సున్నం కొడుతున్నాడు. అత్తగారు నీళ్ళ ట్యాంకు నీడలో పీట వేసుకుని, “ఆ మూల వదిలేశావు, చూడు,” అని పురమాయిస్తోంది.

“అత్తయ్యా! ఎవర్నడిగి కొట్టిస్తున్నారు?”

“నన్నడిగాడు, నేను ఊఁ అన్నాను. తెల్లగా ఉంటే ఎండ వెనక్కి కొట్టేస్తుందటే. నువ్వూ ఆ రెండో కుంచె పట్టుకోకూడదూ?”

విగ్గులమ్మ కుంచె పట్టుకోలేదు. సున్నం అంటని చోట చూసుకుని నడిచి అతని ఎదురుగా వెళ్ళి నిలబడింది.

“అంత తిట్టాను. అయినా వచ్చావు. దీనివల్ల నీకేంటి లాభం?”

“పైన చల్లగా ఉంటే మాకూ చల్లగా ఉంటుంది కదక్కా,” అన్నాడు. అనేటప్పుడు మాత్రం చూపు ఆమె మొహం మీద నిలవలేదు, జారి పడమటి గోడ వైపు పోయింది.

అబద్ధం కాదు గానీ ఇది సగమే, అనుకుంది ఆమె. మిగతా సగం ఎక్కడో దాస్తున్నాడు.

సున్నం ఆరాక ఇల్లు మారినట్టు తెలిసిపోయింది. రాత్రి మంచం మీద వాలితే పైకప్పులోంచి పెనం మీద కూర్చున్నంత వేడి దిగేది ఇదివరకు, ఇప్పుడు లేదు. ఆ తర్వాతి మెట్టు అత్తగారిది, అదీ అనుకోకుండా. ఒక తెల్లవారుజామున పోపు మాడి వంటిల్లంతా పొగైతే, ఆవిడ టేబులు ఫ్యానుని వంటింటి కిటికీలో మొహం బయటికి తిప్పి పెట్టింది. పొగతో పాటు ఇంట్లో నిలవున్న వేడి కూడా బయటికి పోయి, పడమటి గదిలోకి కిటికీ వెంట చల్లగాలి నిదానంగా వచ్చి చేరింది. వెంట్రుక కదిలితే ఒట్టు. ఆ రోజునుంచి పొద్దున్నే కాసేపు అలా గాలి లాగించడం, ఎండ గోడ దాటగానే తలుపులూ కిటికీలూ బిగించి తెరలు దించడం ఇంట్లో అలవాటైంది. జుట్టుకి వంపులు పెట్టే వేడి చువ్వల పని కూడా విగ్గులమ్మ చల్లపొద్దుకి మార్చుకుంది. ఏసీ ఇప్పుడు భోజనాలయ్యాక, ఎండ మరీ ఠారెత్తించే వేళ మాత్రమే మోగేది. అదీ ఇదివరకటిలా వణికించేట్టు కాదు.

బిల్లు వచ్చింది. బాగా తగ్గింది. భర్త దాన్ని దీపం కింద పెట్టి రెండుసార్లు చదివి, “చూశావా, నా ఇల్లు!” అన్నాడు, సున్నం తనే కొట్టినట్టు.

ఆమె నవ్వలేదు. కారణం తెలియని చల్లదనం ఆమెకి సుఖంగా లేదు. నకిలీ కట్టని చవగ్గా కొన్నట్టే ఉంది.

చివరికి ఒక మధ్యాహ్నం, పరదాలతను పనికి వెళ్ళిన వేళ చూసి, మిగిలిన ఆకుపచ్చ గుడ్డ ముక్క తిరిగి ఇచ్చే వంకతో కిందికి దిగింది. తలుపు తట్టింది. జవాబు లేదు. చెవి ఆనించి విన్నది. లోపల ఎవరో కదిలారు. ఈసారి అరచేత్తో గట్టిగా బాదింది.

తలుపు తీసింది ఒక సన్నని పిల్ల. జుట్టు రేగిపోయి ఉంది, కళ్ళు మిరపపళ్ళలా ఎర్రగా ఉన్నాయి, చెంప మీద దిండు ముడతలు అచ్చు పడ్డాయి. విగ్గులమ్మని చూడగానే ఒక అడుగు వెనక్కి వేసింది.

“అక్కా, మీరా... ఏసీ వేసుకోండక్కా. మేమేం అనుకోం. ఆయనేమైనా అన్నారా మిమ్మల్ని? నేను వద్దనే చెబుతున్నాను.”

“ఏంటమ్మా నువ్వనేది? నేనేమన్నానని?”

విగ్గులమ్మ లోపలికి తొంగిచూసింది. పడమటి గది ఖాళీగా ఉంది. పరుపు మాత్రం వంటింట్లో, పొయ్యి గట్టు కింద, బియ్యం డబ్బాకీ సిలిండరుకీ మధ్య ఇరికించి పరిచి ఉంది.

“ఇక్కడ పడుకుంటున్నావా నువ్వు?”

ఆ పిల్ల ఇంక దాచలేకపోయింది. ఆమె అంబులెన్సుల ఆఫీసులో రాత్రిళ్ళు ఫోన్లు తీసే ఉద్యోగం చేస్తోంది. పొద్దున వచ్చి నిద్రపోవాలి. పై ఏసీ పెట్టె సరిగ్గా వాళ్ళ పడకగది కిటికీ మీద ఉంది. అది మోగినంతసేపూ గోడ అదిరేది, మంచం కోడు దాకా తెలిసేది. నీళ్ళ బొట్లు రేకు మీద టప్పు టప్పుమని పడేవి. గోనెసంచి వేస్తే బొట్ల చప్పుడు ఆగింది గానీ అదురు ఆగలేదు.

“ఒకరోజు నిద్రమత్తులో ఒక వీధి పేరు బదులు ఇంకోటి రాసేశానక్కా. బండి వేరే వీధికి వెళ్ళిపోయింది. ఆ పెద్దాయన బతికాడు. కానీ వాళ్ళమ్మాయి ఫోన్లో అరిచిన అరుపు...” ఆ పిల్ల ఆగి కళ్ళు తుడుచుకుంది. “అప్పట్నుంచి ఈయన పట్టుబట్టారు. మీ గది చల్లబడితే మీరే ఏసీ తగ్గిస్తారని.”

విగ్గులమ్మకి ముందు కలిగింది జాలి కాదు, ఊరట. వీళ్ళకి కావలసింది ఒకటుంది. దాని కోసమే ఇదంతా చేశారు. అగ్గిపుల్ల గీసి చూసినంత తేటగా తెలిసిపోయింది. ఆ తర్వాతే ఆ పిల్ల కళ్ళ కింది నలుపు కనపడింది ఆమెకి.

“ఇంత కథ ఎందుకమ్మా? పైకొచ్చి ఒక్క మాట చెబితే పోయేదిగా. ఆ పెట్టె పక్కకి పెట్టించేదాన్ని.”

“చెప్పామక్కా. ఎండలు మొదలై మీ ఏసీ మోగిన కొత్తలోనే ఈయన మీ ఇంట్లో అన్నయ్యగారికి చెప్పారు. అన్నయ్యగారేమో...” అని నాలుక కరుచుకుంది.

“ఏమన్నాడు? చెప్పు, పరవాలేదు.”

“మీ చెవిన పడితే ఇల్లు పీకి పందిరేస్తారన్నారు. మాకన్నా ముందున్నవాళ్ళు ఇలాగే అడిగితే, మీరు కత్తెర పట్టుకుని కిందికి దిగారట. అందుకే వాళ్ళు రాత్రికి రాత్రి ఖాళీ చేసి పోయారట. మీ ఎదుట ఆ ఊసే ఎత్తొద్దని, గట్టిగా కూడా మాట్లాడొద్దని...”

ముందున్నవాళ్ళు బదిలీ అయి వెళ్ళారు. వెళ్ళే రోజు వాళ్ళ పిల్లాడికి విగ్గులమ్మే తల దువ్వి పంపింది. కత్తెర! నేను కత్తెర పట్టుకుని! కోపంతో ఒళ్ళు వేడెక్కింది. అంతలోనే, మెట్ల మీద ఆ రోజు తను అరిచిన అరుపు గుర్తొచ్చి అంతా చల్లారిపోయింది. మొగుడు చెప్పింది పచ్చి అబద్ధం. దాన్ని నిజం చేసి చూపించింది మాత్రం తనే.

“పడుకో అమ్మా,” అంది చివరికి. “వెళ్ళి నీ మంచం మీద పడుకో. ఈ పూట ఏసీ మోగదు.”

ఆ పూట నిజంగానే వేయలేదు. చెమట తుడుచుకుంటూ, వేళ్ళకి పౌడరు రాసుకుంటూ కూర్చుంది. అల్లింది తక్కువ, ఆలోచించింది ఎక్కువ. ఫ్రిజ్జు ప్లగ్గు పీకి నోరు మెదపకుండా వెళ్ళిపోయిన మొగుడు గుర్తొచ్చాడు. పచ్చడి ఇటు జరుపు అన్న మాట గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ వాసన చూసింది తప్పు కట్టని.

సాయంత్రం అతను బూట్లు విప్పి కూర్చోగానే, ఆమె తన పని కత్తెర తెచ్చి అతని ముందు టీ గ్లాసు పక్కన పెట్టింది.

“ఇదేనా నేను పట్టుకుని దిగిన కత్తెర? లేక ఇంకోటా?”

అతను కత్తెరని చూశాడు, ఆమెని చూశాడు, తలుపు ఎంత దూరంలో ఉందో చూశాడు.

“మాట వరసకి అన్నానే.”

“మాట వరసకి నన్ను రాక్షసిని చేశావా?”

“ఆ పెట్టె జరపాలంటే గోడకి రంధ్రాలు కొట్టాలి, పైపు పొడిగించాలి. పొద్దస్తమానం లిఫ్టు గుంతల్లో వేలాడి వచ్చి, మళ్ళీ ఇంటి దగ్గర కూడా నిచ్చెన ఎక్కమంటావా? కుదరదని నేనంటే రేపు మళ్ళీ అడుగుతాడు. నీ పేరు చెబితే ఇంక అడగడు.”

లోపలనుంచి అత్తగారి గొంతు వినపడింది. “వీళ్ళ నాన్నా ఇంతేనే అమ్మాయ్! నా పేరు చెప్పే చుట్టాల్ని గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. నాకు తెలిసేసరికి ఆయన పోయాడు, నేనెవర్ని అడగను?”

వచ్చిన ఆదివారమే పని జరిగింది. భర్త తన దగ్గరున్న ఇనప పట్టీలతో స్టాండు చేసి, తోటి మెకానిక్కు ఒకర్ని వెంటబెట్టుకుని, ఏసీ బయటి పెట్టెని డాబా మీదికి ఎక్కించాడు. అదరకుండా కింద లిఫ్టులకి వాడే రబ్బరు దిమ్మలు వేశాడు. పరదాలతను దానికి ఎండ తగలకుండా, గాలి ఆడేలా పైన ఒక గుడ్డ కట్టాడు. పని జరుగుతున్నంతసేపూ విగ్గులమ్మ వాళ్ళకి మజ్జిగ అందిస్తూ, కావాలనే మెత్తగా, నవ్వుతూ మాట్లాడింది. అయినా పరదాలతను ఆమె చేతిలోంచి గ్లాసు అందుకుని, రెండడుగులు వెనక్కి జరిగాకే తాగాడు. ఆ భయం పోవడానికి ఇంకా చాలా మజ్జిగ కావాలని ఆమెకి అర్థమైంది.

కింది వాటాలో పరుపు వంటింట్లోంచి మంచం మీదికి చేరింది. ఆ పిల్ల అప్పుడప్పుడూ పనికి వెళ్ళేముందు పైకి వచ్చి, గదిలో కూర్చుని వెంట్రుకల కట్టలు విడదీసి పెట్టేది. వాళ్ళ మీద విగ్గులమ్మకి ఇప్పుడు ఏ అనుమానమూ లేదు.

ఉన్న అనుమానమంతా మొగుడి మీదికి మళ్ళింది. ఒక సాయంత్రం అతను ప్రశాంతంగా పేపరు చదువుకుంటుంటే అడిగింది.

“ఆ కూరగాయల కొట్టాయన నాకెప్పుడూ తూకం మొగ్గుగానే వేస్తాడు. ఎందుకంటావు?”

“మంచివాడు,” అన్నాడు పేపరు వెనకనుంచి.

“మిగతావాళ్ళకి వేయడట. కింది అమ్మాయి చెప్పింది.”

పేపరు ఇంకాస్త పైకి లేచింది.

“పాత లిఫ్టులు బాగుచేసే ఆ నీ స్నేహితుడు మన ఇంటికి భోజనానికి రావడం ఎందుకు మానేశాడు?”

“పని ఎక్కువై ఉంటుందిలే.”

విగ్గులమ్మ లేచి, చెప్పులేసుకుని, మేకుకి ఉన్న సంచీ తీసింది. ఇంట్లో కూరగాయలు నిండుగా ఉన్నాయి.

“ఎక్కడికి, ఇంకా ఎండ తగ్గకుండానే?” అన్నాడతను. ఈసారి పేపరు దించాడు.

“కూరగాయల కొట్టు దాకా. ఆ తూకం సంగతేదో అడిగి ఇప్పుడే వస్తాను,” అని ఆమె మెట్లు దిగింది.